మెడనొప్పి కొలవబోతే అత్తాకోడళ్లు దొరికారు

కరోనా గొడవ సద్దుమణిగిన మరుసటి ఏడు. నిజామాబాద్‌లో ఫిజియోథెరపీ పాఠాలు చెప్తూనే, పీహెచ్‌డీ కోసం బీడీలు చుట్టేవాళ్ల మెడనొప్పి కొలవడానికి ఒక ప్రశ్నావళి తయారు చేశాను. ప్రశ్నలు నావే కాబట్టి బ్రహ్మాండంగా ఉన్నాయని నా నమ్మకం. మా గైడ్ మాత్రం "టెస్ట్-రీటెస్ట్ చూపించు, అప్పుడు సంతకం పెడతా" అన్నారు. అంటే అదే మనిషిని అవే ప్రశ్నలు రెండు వారాల తర్వాత మళ్లీ అడగాలి. నొప్పి మారకుండా జవాబు మారితే కొలతను నమ్మలేం. ఆ సంతకం లేకపోతే నా పీహెచ్‌డీ అటకెక్కినట్టే.

బోధన్ శివారులో సుజాత ఇంటికి పోయాను. ఒళ్లో చాట పెట్టుకుని, తల వంచి బీడీలు చుడుతోంది. పక్కనే అత్త నర్సవ్వ, ఆమె ఒళ్లోనూ చాట. ఏది అడిగినా సుజాతది ఒకటే మాట.

"నాకేం నొప్పి మేడం, మంచిగనే ఉన్న."

"మా ఇంట్ల నొప్పులు గిప్పులు లేవు బిడ్డా" అని నర్సవ్వ ముక్తాయించింది. నేను సున్నా వేసుకున్నాను.

రెండు వారాలకు మళ్లీ పోతే సుజాత ఒక్కతే ఉంది. నర్సవ్వ బీడీల ఆకు తేవడానికి కార్ఖానాకు పోయిందట.

"మెడ దినాం గుంజుతది మేడం. పండుకుంటే చెయ్యి మొద్దువారుతది."

"మొన్న ఏం లేదంటివి గదా?"

"అత్తమ్మ ముంగట ఎట్ల చెప్పాలె? పని ఎగ్గొట్టనీకె సాకులంటది."

నా పీహెచ్‌డీ తలచుకుని ముందు ఒళ్లు మండింది. తర్వాత ఆ చెయ్యి తలచుకుని భయమేసింది. మొద్దుబారుతోందంటే మెడలో నరం నొక్కుకుంటోందేమో, డాక్టరు చూడాలి. అత్త ఒప్పుకోకుండా ఈమె గడప దాటదు.

ఎలా ఒప్పించాలా అనుకుంటూ బస్టాండు దారి పట్టాను. నర్సవ్వే ఎదురొచ్చింది, చంకలో ఆకు మూటతో. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"నా మెడ తిరుగుతలేదు బిడ్డా. కోడలికి చెప్పకు. ముసల్దానికి చాతనైతలేదంటది."

ఇద్దరి గుట్టూ నా దగ్గరే ఉంది, ఏదీ బయట పెట్టకూడదు. "కోడలికి ఊరికే పరీక్ష చేయిద్దాం, నువ్వు తోడు రా" అని నర్సవ్వకు చెప్పాను. వెనక్కి పోయి సుజాతకు అదే మాట తిరగేసి, "అత్తమ్మకు ఊరికే పరీక్ష చేయిద్దాం, నువ్వు తోడు రా" అన్నాను. ఇద్దరూ సంబరంగా తోడు బయల్దేరారు.

ఆస్పత్రిలో డాక్టరు "నొప్పి ఎవరికమ్మా?" అనగానే అత్త వేలు కోడలి వైపు, కోడలి వేలు అత్త వైపు. డాక్టరు నా వైపు చూశారు. నేను గోడ మీది క్యాలెండర్ చూశాను. ఆయన విసుక్కుని ఇద్దరి మెడలూ నొక్కారు. ఇద్దరూ కెవ్వుమన్నారు.

"నాకెందుకు చెప్పకపోతివే?" అంది నర్సవ్వ.

"నువ్వు చెప్పినవా అత్తమ్మా?"

నర్సవ్వ మెడ పట్టుకుని నవ్వింది. డాక్టరు ఇద్దరికీ మందులు, మెడ వ్యాయామాలు రాశారు. తిరుగుదారిలో బస్సులో నర్సవ్వ కోడలి మొద్దుబారిన చెయ్యి పిసుకుతూ కూర్చుంది, నాకు ప్రాణం కుదుటపడింది.

ప్రశ్నల్లో ఒక్క అక్షరం మార్చలేదు. బీడీలు చుట్టేవాళ్లందరినీ మొదటి నుంచి విడివిడిగా అడిగాను, రెండు వారాలకు మళ్లీ అలాగే అడిగాను. ఈసారి జవాబులు కుదిరాయి, గైడ్ సంతకం పెట్టారు. ఇప్పుడు నా విద్యార్థులకు చెప్పేది ఒక్కటే: నొప్పి ఎంత అని అడిగే ముందు, పక్కన ఎవరు కూర్చున్నారో చూడండి.