వెనక్కి మూడు, ముందుకి ఒకటి

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే ఒప్పేసుకుంటాను. ముందుకి మూడు గేర్లు, వెనక్కి ఒకటి ఉన్న కారుని నా చేతులతో విప్పి, వెనక్కి మూడు, ముందుకి ఒకటి ఉన్న కారుగా బిగించాను. దానివల్ల ఒక ఊరి విత్తనాలకే ముప్పు వచ్చింది. నవ్వండి గానీ కాస్త నెమ్మదిగా నవ్వండి, గాయమింకా పచ్చిగానే ఉంది.

అరకులో నేను లెక్కల మాస్టారిని. మా మేనమామ వాడి వదిలేసిన కారొకటి నా దగ్గరుంది. వయసు నాకంటే ఎక్కువ, ఓపిక నాకంటే తక్కువ. చదును మీద బాగానే పోయేది. కొండెక్కే ఘాటీ దారి కనబడిందంటే ఉబ్బసం మనిషిలా ఎగపోసేది.

దానికి మందు వెనక ఇరుసులో ఉందని చదివాను. అక్కడ చిన్న పళ్ళచక్రం పెద్ద పళ్ళచక్రాన్ని తిప్పుతుంది. పెద్దదానికి పళ్ళు పెరిగితే వేగం తగ్గి, కొండెక్కే బలం పెరుగుతుంది. అంటే భాగహారం! నాకింకేం కావాలి? విశాఖలో పాత సామాన్ల కొట్టులో ఆ జత సంపాదించి, కారు కింద దూరి బిగించాను. జాకీ మీద ఎత్తి ఇంజను వేస్తే చక్రాలు గిర్రున తిరిగాయి. చప్పట్లు కొట్టుకున్నాను. ఎటు తిరుగుతున్నాయో చూడాలని మాత్రం తోచలేదు. పెద్ద చక్రాన్ని ఎడమపక్కకి బదులు కుడిపక్క పెట్టానని తర్వాత తెలిసింది.

అవి ఇటుకల పండగ, అంటే కొండల్లో విత్తనాలు చల్లేముందు చేసే పండగ రోజులు. మా పక్కింటి లచ్చిమి తండ్రి సోంబు తాత పైనున్న కొండ ఊరికి దిశారి, అంటే ముహూర్తం చెప్పి పూజ చేసే పెద్ద. కింద బంధువుల ఇళ్ళలో చోళ్ళు (అదే, రాగులు), సామలు గంపలో పోగుచేశాడు. అవి దేవత ముందు పెట్టి ఇంటింటికీ పంచేదాకా పైన ఎవరూ విత్తనం చల్లరు. తీరా బయల్దేరే పొద్దున తాత మోకాలు వాచింది.

"నా కారుంది కదా తాతా! ఇప్పుడది కొండల్లోనే పుట్టినట్టుంటుంది" అన్నాను.

"మద్దేనం కాక ముందే సేరాల బాబూ. ఊరంతా ఎదురు సూత్తాది" అంటూ గంప ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నాడు.

దర్జాగా మొదటి గేరు వేశాను. కారు అంతే దర్జాగా వెనక్కి వెళ్ళి లచ్చిమి దడి పడగొట్టింది.

"ఏటి మాస్టారూ సేత్తన్నావు? కొండ అటుంది!" లచ్చిమి చీపురుతో పరుగెత్తుకొచ్చింది.

కంగారులో రెండో గేరు వేశాను. ఈసారి కోళ్ళగూడు.

"ముందుకేత్తే ఎనక్కి పోతంది. ఇక ఎనక్కేసి సూడు!" అని ఎద్దేవా చేసింది.

వేశాను. కారు ముందుకి కదిలింది!

అలా రివర్సు గేరులో ఘాటీ ఎక్కాం. చీమలు మమ్మల్ని దాటిపోయాయంటే నమ్మండి. కానీ ఆ దారిన వందసార్లు పోయినా చూడనిది ఆ రోజే చూశాను. తొలి చినుకులకి కాఫీ తోట మంచు పడ్డట్టు పూసింది. మలుపు తిరిగినప్పుడల్లా ఒక కొండ వెనక ఇంకో కొండ లేచి నిలబడింది. తాత ఒక్కో కొండనీ పేరు పెట్టి, ఇంట్లో పెద్దవాళ్ళని పిలిచినట్టు పిలిచి, దణ్ణం పెట్టాడు. నాకు తెలియకుండానే నా చెయ్యీ లేచింది.

పై మలుపులో ఆడవాళ్ళు దారికి వెదురు అడ్డం పెట్టారు. పండగ రోజుల్లో పాట పాడి, వచ్చేపోయేవాళ్ళ దగ్గర కానుక పుచ్చుకోవడం వాళ్ళ ఆనవాయితీ.

"బండికేటైనా మొక్కుందా, పాకుతా వత్తంది?" అంది వాళ్ళలో పెద్దదైన గాసమ్మ.

అందరూ నవ్వారు. కానుక ఇచ్చాను. వెదురు లేపారు. నాలో డ్రైవరు దర్జా మళ్ళీ లేచింది. పాత అలవాటు కొద్దీ చెయ్యి మొదటి గేరు వేసేసింది.

కారు వెనక్కి ఉరికింది. బ్రేకు తొక్కేసరికి గంప తిరగబడి, సగం గింజలు కార్లో, సగం ఆ కుదుపుకి తెరుచుకున్న తలుపులోంచి రోడ్డు మీద పడ్డాయి. పాట ఆగిపోయింది. ఒక ఊరి ఏడాది తిండి నా చక్రాల కింద!

తాత వాచిన మోకాలితోనే దిగి గింజల కోసం వంగబోయాడు. అదే భరించలేకపోయాను.

గాసమ్మ తువ్వాలు పరిచి మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ వెనకే అందరూ. దుమ్ములోంచి ఆవగింజంత చోళ్ళని వేళ్ళతో ఏరారు, ఒక్కటీ తొక్కకుండా. నేనూ వంగాను.

"బేగి ఏరు మాస్టారూ. ఇత్తనాలు పొలంలో సల్లుతారు, రోడ్డు మీద కాదు" అంది గాసమ్మ.

గంప నిండింది. వాళ్ళు పాడుతూ, మళ్ళీ జారితే చక్రాలకి అడ్డం వెయ్యడానికి రాళ్ళు పట్టుకుని కారు వెంట నడిచారు. మధ్యాహ్నం కాక ముందే చేరాం. తాత గంప దేవత ముందు దించి పూజ చెయ్యగానే ఊరంతా చుట్టూ చేరింది. ఒక్కొక్కరూ కొంగుల్లో, గుడ్డల్లో గింజలు పట్టుకుంటుంటే, నేను వెనక నిలబడి తల ఎత్తలేకపోయాను. తాత పిలిచి నా దోసిట్లోనూ పిడికెడు పోశాడు.

తర్వాత లచ్చిమి దడి కట్టాను. కోళ్ళగూడు కట్టాను, కోళ్ళు ఇప్పటికీ నన్ను నమ్మవు. పెద్ద చక్రాన్ని ఎడమకి మార్చాను. వానలకి కారు కారింది. ఒకరోజు వెనక సీటు ఎత్తితే కింద పచ్చగా చోళ్ళ నారు!

పదిలంగా పెకలించి కొండ ఊరికి తీసుకెళ్ళాను. నాట్లు నడుస్తున్నాయి. తాత చూసి పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. నేనూ నాటుతానని మడిలో దిగి ముందుకి అడుగేశాను.

"అటు కాదు మాస్టారూ!" గాసమ్మ అరిచింది. "ఎనక్కి నడుత్తా నాటాల. నీకు అలవాటేగా!"

ఇకమీదట ఏ చక్రం బిగించినా, అది ఎటు తిరుగుతుందో చూసి గానీ చప్పట్లు కొట్టనని, పట్టేసిన నడుముతో, ఆ నారే చేతిలో పట్టుకుని ప్రమాణం చేశాను. చేస్తూనే వెనక్కి నడిచాను.