తృణీకారానికి ఒక ఉదాహరణ

పింఛనుదారుల నెలవారీ సమావేశంలో నాకొక పని అప్పగించారు. ప్రతి నెలా ఒక తెలుగు మాట తీసుకుని పది నిమిషాలు మాట్లాడాలి. ఆ నెల నేను ఎంచుకున్న మాట తృణీకారం. తృణం అంటే గడ్డిపరక. ఎదుటి మనిషిని గడ్డిపరక కింద జమకట్టడమే తృణీకారం. ఛీత్కారానికైతే కనీసం ఛీ అనాలి, నోటికి కాస్త పని ఉంటుంది. దీనికి అదీ అక్కర్లేదు, మనిషిని చూడనట్టు ఉంటే చాలు. ఇది చెప్పడానికి రెండు నిమిషాలు. మిగతా ఎనిమిది నిమిషాలకు ఉదాహరణ కావాలి.

ఉద్యోగంలో చేరిన నాటి నుంచి డైరీలు రాస్తున్నాను. మూడు రోజులు వాటి ముందు కూర్చున్నాను. నన్ను గంటసేపు నిలబెట్టిన ఆఫీసరు, పెళ్లిలో పలకరించని తోడల్లుడు, నా దరఖాస్తు చదవకుండానే పక్కన పడేసిన గుమాస్తా, అందరూ తేదీ, వేళ, అన్న మాటతో సహా ఉన్నారు. నేను ఎవరినైనా అలా చూసిన రోజు మాత్రం ఒక్కటీ దొరకలేదు. మరీ ఇంత మంచివాణ్ణా అని నా మీద నాకే చిరాకు వేసింది.

మా ఆవిడ పప్పు ఏరుతూ అంది: "వదిన సోళ్లు తెచ్చిన రోజు రాసుకోలేదేటి?"

రాసుకున్నాను. రెండేళ్ల కిందటి పేజీ, మా అక్క రాగులు తెచ్చిన రోజు. "అప్ప వచ్చింది. చోళ్లు తెచ్చింది. నాలుగింటికి వెళ్లింది. ఉక్కపోత."

"అంతేనేటి? ఆవేళ మీ పాత ఆఫీసరు హాల్లో కూర్సున్నారు. వదిన సంచీతో వస్తే, పెరటి వైపు నుంచి రా అన్నారు మీరు. ఎవరని ఆయనడిగితే, ఊరి నుంచి వచ్చింది అన్నారు. మా అప్ప అని అనలేదు. మంచినీళ్లయినా తాక్కుండా ఎల్పోయింది."

మోకాళ్ల నొప్పుల వల్లే అప్ప రావడం లేదని ఇన్నాళ్లూ అనుకున్నాను. డైరీలోనూ అలాగే రాసుకున్నాను.

మర్నాడు రామతీర్థం వైపు బస్సెక్కాను. నేను వెళ్లేసరికి అప్ప ధాన్యం గంప ఎత్తి అరుగు మీద పెడుతోంది. మోకాళ్లకు ఏ నొప్పీ ఉన్నట్టు లేదు. దారి పొడవునా సిద్ధం చేసుకున్నది మొదలుపెట్టాను.

"అప్పా, తృణీకారం అని ఒక మాటుంది. తృణమంటే..."

"ఏట్రా, నాకు పాటం సెప్పడానికొచ్చినావా?"

నా ప్రసంగం అక్కడితో అయిపోయింది. "ఆ రోజు నువ్వు మా అప్పవని ఆయనకు చెప్పలేదు. తప్పే," అన్నాను.

"రెండేళ్లకి తెలిసినాదా?"

"నీ మరదలు చెబితే తెలిసింది."

"అదీ సంగతి. నీయంతట నీకు తెలీనేదు." చీర చెంగుతో మొహం తుడుచుకుంది. "సిన్నప్పుడు బడికి నీ పలకా నానే మోసినాను. నిన్ను కూడా మోసినాను. ఊరి నుంచి వచ్చిందట! నువ్వెక్కడి నుంచి వచ్చినావురా, ఆకాశం నుంచా?"

"ఇంటికి రా అప్పా," అన్నాను.

"నాను రాను. కావాలంటే నువ్వే వస్తుండు."

"ఎన్నాళ్లు?"

"నాకు తోసినన్నాళ్లు."

నాకు ఒళ్లు మండింది. తప్పు ఒప్పుకున్న మనిషికి గడువైనా చెప్పాలి కదా! ఈ వయసులో, ఆ కిక్కిరిసిన బస్సులో నిలబడి ఎన్నిసార్లు రావాలి? అయినా ఆదివారం వస్తానని చెప్పి వెనక్కి తిరిగాను.

"పెందలాడే రా," అంది వెనక నుంచి. "ఎండెక్కినాక వస్తే నాకు పనుంటాది."