ఎండాకాలం హీటర్

మా కారు మెకానిక్ షెడ్డులో ఎన్నడూ ఆగిపోలేదు. కోదాడలో ముగ్గురు మెకానిక్‌లకు చూపించాను. ముగ్గురి దగ్గరా గంటలకొద్దీ బుద్ధిగా నడిచింది. ఒకాయన పెట్రోలు పంపు మార్చాడు, ఇంకొకాయన కాయిల్ మార్చాడు. మూడో ఆయన నన్ను ఎగాదిగా చూసి, "క్లచ్ సరిగ తొక్కుతున్నరా మేడం?" అని అడిగాడు. ముప్పై ఏళ్లు బళ్లో లెక్కలు చెప్పినదాన్ని, అట్లాంటి వాళ్లను చాలామందిని బెంచీ ఎక్కించినదాన్ని. ఆ షెడ్డుకు మళ్లీ పోలేదు.

రోడ్డెక్కి, ఎండ ముదిరి, వేడి చూపించే ముల్లు సగం దాటి పైకి పోతే అప్పుడు ఆగేది. దగ్గు లేదు, కుదుపు లేదు. ఇంజిన్ చప్పుడు పోయి టైర్ల చప్పుడు మాత్రం మిగిలేది. పక్కకు తీసి ఇరవై నిమిషాలు కూర్చుంటే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టయ్యేది. ఆ ఇరవై నిమిషాలూ నాకు వెనక సీట్లో ఎవరో ఊపిరి బరువుగా తీస్తున్నట్టే ఉండేది. ఎవరో ఏమిటి, ఎవరో నాకు తెలుసు. లెక్కల టీచరును, దయ్యాలను నమ్మను. అయినా వెనక్కి తిరిగి చూసేదాన్ని కాదు.

పోయిన ఏడాది మే నెలలో, పట్టపగలు, మా ఆయనను ఆ సీట్లో పడుకోబెట్టుకుని కోదాడ నుంచి సూర్యాపేట తీసుకుపోతుంటే, మునగాల దాటాక కారు మొదటిసారి ఆగింది. ఆయనకు ఛాతీలో నొప్పి. ఊళ్లో డాక్టరు నాలుక కింద ఒక మాత్ర పెట్టి, వెంటనే సూర్యాపేట పెద్ద దవాఖానకు పొమ్మన్నాడు. అంబులెన్సు వేరే చోటికి పోయిందన్నారు. మనమే పోదామన్నాను. ఆగిన కారు దిగి రోడ్డు మీద చెయ్యి ఊపితే ఒక్క బండీ నిలబడలేదు. ఇరవై నిమిషాల తర్వాత స్టార్టయింది. సూర్యాపేట చేరేసరికి ఆయన లేడు. "జర ముందు తెస్తే..." అని అక్కడి డాక్టరు అనబోయి ఊరుకున్నాడు. ఆ మాటను రోజూ నేనే పూర్తి చేసుకుంటున్నాను.

కారు అమ్మేయమని అందరూ అన్నారు. మా ఆడపడుచు ముందు బంపరుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టి, "దీన్ల ఏదో ఉన్నది వదినా, ఎవలకన్న ఇచ్చెయ్" అంది. నేను వినలేదు. ఎందుకు ఆగిందో తెలియకుండా అమ్మితే కారు పోతుంది, ప్రశ్న నా దగ్గరే ఉండిపోతుంది. కారు తప్పా, నా తప్పా అన్నది నాకు తేలాలి.

చివరికి ఎవరో మిర్యాలగూడలో ఒక ముసలి మెకానిక్ ఉన్నాడని చెప్పారు. ఆయన బానెట్ కూడా ఎత్తలేదు. "షెడ్ల ఆగని బండిని షెడ్ల సూసి ఏం లాభం? నడువుండ్రి, ఆగేదాక పోదాం" అని, ఒక నీళ్ల సీసా, ఒక గుడ్డ పట్టుకుని నా పక్కన ఎక్కాడు. హుజూర్‌నగర్ రోడ్డు పట్టాం. రేడియేటర్‌లో ఏం పోస్తారని అడిగాడు. బోరు నీళ్లని చెప్పాను.

"ఈ నీళ్లు తాగి మనుషుల పండ్లే పచ్చగైతయి. దాని లోపటంత సున్నం కట్టుంటది. అందుకే గింత వేడి" అన్నాడు.

ఇంజిన్ మీద బరువు పడి తొందరగా వేడెక్కాలని ఏసీ వేయించాడు. గంట తిరగకముందే కారు ఆగింది. ఆయన నింపాదిగా దిగి, ఇంజిన్ కింది వైపు బొటనవేలంత నల్లటి ముక్క మీద గుడ్డ కప్పి నీళ్లు పోశాడు. "ఇగ కొట్టుండ్రి" అన్నాడు. రెండు నిమిషాలు కూడా కాలేదు, స్టార్టయింది. అదొక సెన్సర్. ఇంజిన్ తిరుగుతోందని కబురు పంపడం దాని పని. బాగా వేడెక్కితే లోపలి తీగ విడిపోతుంది, కబురు అందక ఇంజిన్ ఆగుతుంది. చల్లబడితే తీగ మళ్లీ కలుస్తుంది. ఒక్క సీసా నీళ్లతో అయ్యే పని. ఆ రోజు నా దగ్గర రెండు సీసాలున్నాయి. ఒకటి మా ఆయన ముఖం మీద చల్లాను, ఇంకొకటి మూత కూడా తియ్యలేదు.

తిరిగి వస్తుంటే మెకానిక్ అడిగాడు. "ఇది శానా దినాల సంది ఖరాబైనట్టున్నది మేడం. సారు నడిపినప్పుడు ఆగకపోయేదా?"

"ఆగలేదు."

"మరి ఎట్ల నడిపిండు?"

మెకానిక్ అడిగింది కారు సంగతే. నేను కారు పక్కకు తీసి ఆపుకోవాల్సి వచ్చింది.

మా ఆయన మఠంపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసి వేడికి అలవాటు పడ్డ మనిషి. ముల్లు లేవగానే ఏసీ ఆపి, అద్దాలు దించి, హీటర్ ఫుల్లుగా పెట్టేవాడు. నడి ఎండాకాలంలో. ఇంజిన్ వేడిని మన మీదికి లాక్కుంటే అది చల్లబడుతుందనేవాడు. కారును బతికించడానికి పెళ్లాన్ని ఉడకబెడుతున్నావని నేను పోట్లాడితే నవ్వేవాడు. రెండేళ్లు దాన్ని అట్లాగే ఆగకుండా నడిపాడు.

ఆ రోజు వెనక సీట్లోంచి కూడా అదే చెప్పాడు. "ముల్లు సూడు. ఏసీ బంద్ జేసి హీటర్ వెయ్." చొక్కా చెమటకు తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉంది. ఆ మనిషి మీదికి వేడి గాలి ఎట్లా వదలను? "నువ్వు సప్పుడు జెయ్యక పండుకో" అని కసిరాను. మళ్లీ చెప్పాడు. నేను ఏసీ ఇంకా పెంచాను. ఆ తర్వాత ఆయన ఏమీ మాట్లాడలేదు.

ఏడాదిగా ఇది మా కూతురికి కూడా చెప్పలేదు. ముక్కూ మొహం తెలియని మెకానిక్‌కు చెప్పాను. ఆయన తడిగుడ్డను కిటికీలోంచి బయటికి పిండాడు.

"హీటర్ వేసినా ఆగేదే మేడం. తీగ పోయినంక ఏం జేసినా ఆగుతది" అన్నాడు, నా వైపు చూడకుండా. కొత్త సెన్సర్ రావడానికి రెండు రోజులు పడుతుందని, అప్పటిదాకా దూరం పోవద్దని చెప్పాడు.

మర్నాడే పోయాను. మళ్లీ మే నెల, అదే వేళ, కోదాడ నుంచి ఒక్కదాన్నే. అద్దాలు దించి హీటర్ ఫుల్లుగా పెట్టాను. పొయ్యి ముందు కూర్చున్నట్టు కాళ్లకు సెగ తగిలింది. మునగాల వస్తుంటే, ఆగిపోవాలని దేవుడికి మొక్కుకున్నాను. కారు ఆగాలని మొక్కుకునే మనిషిని ఎవరైనా చూస్తే పిచ్చిదనుకుంటారు. ముల్లు సగం దగ్గరే నిలబడింది. ఆ రోజు ఆగిన చోటు వచ్చింది, పోయింది. వెనక నుంచి ఏదైనా మాట వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించాను. మునుపటి ఊపిరి కూడా లేదు. దానికి ఇంకా ఎక్కువ భయపడ్డాను. దురాజ్‌పల్లి దాటింది. సూర్యాపేటలో ఆ దవాఖాన క్యాజువాలిటీ మెట్ల ముందుకు వచ్చేదాకా కారు ఎక్కడా ఆగలేదు.

స్ట్రెచర్ తోసే మనిషి, ఇంచుమించు నా వయసువాడు, గబగబా వచ్చి వెనక తలుపు తీశాడు. లోపలి సెగ ముఖానికి కొట్టి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఏందమ్మా ఈ వేడి? హీటర్ ఎందుకు వేసిన్రు? బీమారున్న మనిషి గిండ్ల బతుకుతడా?"

ఏడాదిగా ఎవరో ఒకరు ఆ మాట అనాలనే నేను ఎదురుచూశాను. అది విన్నాక నా మనసు కుదుటపడాలి. పడలేదు. హీటర్ వేస్తే కారు ఆగకుండా వచ్చేసింది కదా.

ఆయన సీటు మీదికి, సీటు కిందికి వంగి చూసి, నా వైపు తిరిగాడు. "పేషెంటేడమ్మా?"

"తేలేకపోయిన అన్నా" అన్నాను.