రెండు ఫోన్లు, ఒకే అంకె

మరియమ్మక్క కనిపించినప్పుడల్లా నేను తల పక్కకు తిప్పుకుంటాను. ఏళ్లుగా ఇంతే. ఇంట్లో చెప్పలేదు. చర్చిలో మోకాళ్ల మీద కూడా చెప్పలేదు, ఎందుకంటే ఆమె ముందు వరుసలోనే కూర్చుని ఉంటుంది. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

శామీర్‌పేట దగ్గర కోడిపిల్లల హేచరీలో నాది కంప్యూటర్ పని. గుడ్లు పొదిగే మెషీన్లో వేడి ఎంత పెట్టాలో చెప్పే యాప్ ఒకటి తయారుచేశాను. కోళ్ల వయసు, గుడ్లు నిల్వ ఉన్న రోజులు ఇస్తే చాలు, పాత లెక్కలన్నీ చూసుకుని తెర మీద ఒక అంకె చూపిస్తుంది. దానికోసం చర్చి ఎగ్గొట్టిన ఆదివారాలున్నాయి. మా మేనేజరు దాన్ని యజమానుల ముందు తనదని చూపించాడు. నేను వెనక ప్రొజెక్టర్ వైరు ఊడిపోకుండా పట్టుకుని నిలబడ్డాను. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అదే. కడుపు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది, దాచను.

మర్నాడు ఆ లింకు అందరికీ వాట్సాప్‌లో పంపమన్నాడు. అక్కడే నోరు మూసుకున్నాను. ఆ యాప్ నా ఒక్కడి కోసం రాసుకున్నది. ఎవరు ఏ వివరాలిచ్చినా ఒక్కచోటే పడేవి. ఇద్దరు ఒకేసారి తెరిస్తే ఒకరికి రావలసిన అంకె ఇంకొకరి ఫోన్లో కనిపిస్తుంది. ఆ సంగతి నాకు తెలుసు. సరిచేయడం ఒక పూట పని. చేయలేదు. ఎప్పుడో ఒకరోజు పెద్దల ముందు అది తప్పు చూపించి ఆయన పరువు పోవాలి, పాము చావాలి, కర్ర విరగకూడదు. అంత కుళ్లు నాలో ఉందని అప్పుడు తెలియదని రాయబోయాను. ఎందుకు తెలియదు? తెలుసు. ఆయన తలదించుకునే రోజును తలుచుకుని నవ్వుకునేవాణ్ణి.

ఆయన దాన్ని మళ్లీ తెరవనే లేదు. తెరిచింది మరియమ్మక్క. మేడ్చల్ నుంచి వచ్చి మెషీన్ల గది చూసుకునేది. ఆమె ముదురు కోళ్ల వివరాలిచ్చిన సమయానికే పక్క షెడ్డు వాళ్లు లేత కోళ్ల వివరాలిచ్చారు. ముదురు కోళ్ల గుడ్లకు వేడి తక్కువ చాలు, లేత కోళ్ల వాటికి ఎక్కువ కావాలి. వాళ్ల అంకె ఈమెకు వచ్చింది. అనుమానమొచ్చి మేనేజరును అడిగితే, తెర మీద ఉన్నది పెట్టు, సొంత తెలివి వద్దన్నాడు. పెట్టింది. వేడెక్కువై మెషీన్ నిండా పిల్లలు పెంకుల్లోనే చచ్చిపోయాయి. ఎవరేం నొక్కారో ఆ యాప్ దాచుకోదు. తప్పు నొక్కిందని మేనేజరు ఆమె మీదికి తోసేశాడు. ఉద్యోగం పోయింది.

టిఫిన్ డబ్బా తీసుకుపోవడానికి వచ్చిన రోజు గేటు దగ్గర నన్ను ఆపింది.

"నువ్వు నేర్పినట్టే నొక్కిన తమ్మీ. మరి గట్లెట్లయింది?"

"ఏమో అక్కా," అన్నాను.

"నా వేళ్లే మందం. తప్పు నొక్కినట్టున్న. యాప్ మంచిదే. సారు నీ పేరు జెప్పకున్నా, అది జేసింది నువ్వేనని నాకెర్క."

అప్పుడే చెప్పవలసింది. ఎవరో ఒకరి నోట ఏ మాట వినాలని పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నానో, ఆ మాట ఆమె అన్నది. నేనేం చేశాను? తల ఊపి లోపలికి పోయి, తలుపు వేసుకుని, ఆ యాప్ సరిచేశాను. ఒక పూట కూడా పట్టలేదు.

మేనేజరుకు ప్రమోషన్ వచ్చింది. ఆయన కూలిపోవాలని ఇప్పటికీ కోరుకుంటాను, ప్రార్థన మధ్యలో కూడా. ఆ పగ వల్ల నాకేమీ పోలేదు, అక్క బతుకే పోయింది. ఆమె ఇప్పుడు బస్ డిపో దగ్గరి హోటల్లో గిన్నెలు కడుగుతోంది. ఫోన్లో నంబరు నొక్కాలంటే కూతుర్ని పిలుస్తుంది. తన వేళ్లను తాను నమ్మదు.

ఆమె ఎదుట నిలబడి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. వస్తుందని మాటివ్వను. మీరు క్షమించాలనీ అడగను. ఒక్క మాట మాత్రం బయట పెడితే మనసు కొంచెం తెరిపిన పడుతుందేమో.

అక్క వేళ్లు సరిగ్గానే నొక్కాయి.