ముందు దండె

మా ఊరి స్వామి పల్లకీకి ముందు కుడివైపు దండె కింద మా ఇంటివాడి భుజమే ఉండాలి. భూములు పోయాయి, మేడలో పడమటి సగం కూలింది, ఈ హక్కు ఒక్కటే మిగిలింది. వారసుడికి పదహారు నిండాక వచ్చే మొదటి కల్యాణంలో తండ్రి తప్పుకుని కొడుకు ఎత్తుకోవాలి. ఎత్తుకోలేకపోతే హక్కు దాయాదులకు పోతుంది. పంతొమ్మిదివందల అరవై ఎనిమిదిలో నాకు పదిహేను. చూడడానికి పదేళ్ళవాణ్ణి.

నాన్నగారు నన్ను విజయనగరం తీసుకెళ్ళారు. డాక్టరు నా చేతికి ఎక్స్‌రే తీయించి, వారానికొక హార్మోను ఇంజెక్షను రాశాడు.

"తొందరగా సాగే ఎముక మునగకొమ్మ లాంటిది. బరువులు మోయించకండి. మందు ఎక్కువై ఎముకల చివర్లు మూసుకుపోతే ఇక పెరగడు. అది చూసుకోవాలి, మూడు నెలలకోసారి తీసుకురండి."

మళ్ళీ వెళ్ళలేదు. ఒకప్పటి మా రైతుల పక్కన ఆస్పత్రి బల్లమీద కూర్చుని, పేరు పిలిచేదాకా కాచుకోవడం నాన్నగారికి చేతకాలేదు. కంపౌండరే ఇంటికి వచ్చి ఇంజెక్షను పొడిచేవాడు. నాలుగు నెలల్లో రెండంగుళాలు పెరిగాను. గొంతు మారింది, మీసం వచ్చింది. నాన్నగారు వారానికి రెండు పొడవమన్నారు.

"డాక్టరుగారు ఒకటే రాసినారు బాబూ."

"నువ్వు పొడుస్తావా, ఇంకోణ్ణి పిలవమంటావా?"

పొడిచాడు.

మరుసటి వేసవిలో, కల్యాణానికి నెల ముందు, పెరట్లో సాధన మొదలుపెట్టారు. రెండు దండెల మధ్య రెండు ధాన్యం బస్తాలు కట్టి, ముగ్గురు బోయీలను పిలిపించారు. నా భుజం అందకపోతే దుప్పటి మడిచి పెట్టారు. అయినా దండె నావైపే వాలింది. దాయాది చిన్నాన్న గోడ పక్కన నిలబడి చూస్తున్నాడు.

"ఏటన్నియ్యా, మీసం ముందొచ్చేసి మనిషి ఎనక పడిపోనాడా?"

నాన్నగారు నా భుజంమీది దుప్పటి మడత సర్ది వెనక్కి జరిగారు.

"బాబూ, బరువంతా కుర్రబాబు మీదకే ఒరిగిపోతన్నాది. దించేద్దుమా?" అన్నాడు పెద్ద బోయీ.

"నడవండి."

నాలుగో అడుగుకు మెడ కింద పట్‌మంది. నేను కూలబడ్డాను. నాన్నగారు పరుగున వచ్చారు, దండె దగ్గరికి. ఈ చివరనుంచి ఆ చివరదాకా చేత్తో తడిమారు.

"ఇరగలేదు. బాగానే ఉన్నాది."

"ఇరిగింది కర్ర కాదు బాబూ," అన్నాడు బోయీ.

విజయనగరంలో డాక్టరు ఎక్స్‌రేలు వెలుతురుకి పట్టి చూశాడు.

"మెడ కింద ఎముక ఆరు వారాల్లో అతుక్కుంటుంది. చేతి ఎముకల చివర్లు మాత్రం మూసుకుపోయాయి. రెట్టింపు మందు ఎవరు ఇమ్మన్నారు?"

నాన్నగారు నన్ను కిందినుంచి పైదాకా చూశారు. "అయితే ఇంతేనా?" అన్నారు. మళ్ళీ అడిగారు. "ఇంతేనా?"

బస్టాండులో ఆయన నాకు దూరంగా, వేరే ఊరి బస్సు ఆగేచోట నిలబడ్డారు. బస్సులో కూడా ముందు సీటులో కూర్చున్నారు. నాకు చెయ్యి మెడకు కట్టేసి ఉంది, వెనక నిలబడి వచ్చాను.

కల్యాణం రోజు చిన్నాన్న కొడుకు ముందు దండె ఎత్తుకున్నాడు. పల్లకీ ఎటూ ఒరగకుండా సాగింది. నేను కట్టుతోనే వచ్చి, వీధిలో అందరి మధ్యా నిటారుగా నిలబడ్డాను. చిన్నాన్న నా పక్కన ఆగాడు.

"ఒరే, సామి అవుపిస్తన్నాడా? పీట తెమ్మందునా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అందరికంటే ముందు నవ్వింది నాన్నగారు.

నేను అక్కణ్ణుంచి కదల్లేదు.