సోలారు మోటరు, పక్క తోట

మా చీనీ (బత్తాయి) తోటకూ పక్క తోటకూ మధ్య గట్టు ఒక్కటే అడ్డం. గట్టుకు అటొక బోరు, ఇటొక బోరు. వేముల చుట్టుపక్కల నీళ్ళు పడే చోటు దొరికితే అందరూ అక్కడే వేస్తారు, మేమూ అలాగే వేశాం. రెండు మోటర్లూ ఒకేసారి ఆడితే రెండింటికీ నీళ్ళకు బదులు గాలే వచ్చేది. అందుకని త్రీఫేజు కరెంటు ఉండే సమయాన్ని సగం చేసుకున్నాం. మొదటి సగం నాది, రెండోది పక్క తోటాయనది. నా వంతు అయిపోగానే ఆయన గట్టు మీద నిలబడి తువ్వాలు ఊపేవాడు. నేను స్టార్టరు ఆపేవాణ్ణి.

ఆయన చాలా ఏళ్ళు కువైట్‌లో లారీ తోలి వచ్చిన సాయిబు. నాకన్నా పెద్దవాడు. నేను మామా అనేవాణ్ణి, ఆయన అల్లుడా అనేవాడు. నాకు బడిపంతులు ఉద్యోగం ఉంది, తోట పోయినా తిండికి లోటు లేదు. ఆయన మాత్రం అక్కడ సంపాదించిందంతా ఆ చెట్లకే పెట్టాడు. అవి తప్ప ఇంకో ఆధారం లేదు. ఈ సంగతి నాకు తెలుసు. తెలియదని చెప్పుకునే అవకాశం కూడా నాకు లేదు.

సబ్సిడీ మీద నాకు సోలారు మోటరు వచ్చింది. పలకలు బిగించిన రోజు అందరికన్నా ముందు ఆయనే వచ్చి చూశాడు.

“ఏంది అల్లుడా, సూర్యున్ని గుడకా మీ ఇంటి కూలోణ్ణి చేసుకుంటివే!”

“నువ్వూ అర్జీ పెట్టుకో మామా.”

“నాకొద్దులేప్పా. కువైట్‌లో ఆ సూర్యుని చేతిలో శానా దెబ్బలు తిన్నా.”

ఇద్దరం నవ్వుకున్నాం. కొద్ది రోజులకే నేను వంతు మరిచిపోయాను. మరిచిపోయాననడం అబద్ధం. వంతు కరెంటుకు సంబంధించిందని, కరెంటు వదిలేశాక అది నాకు లేదని మనసుకు సర్దిచెప్పుకున్నాను. మేము పంచుకున్నది నీళ్ళనేనని ఒప్పుకోలేదు. ఎండ వచ్చింది మొదలు వాలిపోయేదాకా మోటరు ఆడేది. తోట తడిసి బురదయినా ఆపబుద్ధి పుట్టేది కాదు. బిల్లు లేదు, పొగ లేదు, ఎండేమో ఊరికే పోతోంది. మిగిలిన నీళ్ళకు కుంట తవ్వించి, ప్రొద్దుటూరు నుంచి ప్లాస్టిక్ పట్టా తెచ్చి పరిపించాను. బడిలో పిల్లలకు భూమి వేడెక్కడం గురించి పాఠం చెప్పి, సాయంత్రం ఆ కుంట గట్టున కూర్చుంటే నేనేదో లోకానికి మేలు చేస్తున్నట్టు ఉండేది.

ఒకరోజు ఆయన తువ్వాలు ఊపకుండా నేరుగా నా దగ్గరికే వచ్చాడు.

“నా బోరు గాలి కక్కతాంది అల్లుడా. మద్యాన్నమన్నా ఆపు.”

“మద్యాన్నమే కదా మామా ఎండ బాగుండేది!”

“ఎండ నీదేప్పా, నేనేమన్నా అడిగితినా? కింద నీళ్ళు ఇద్దరివి.”

“చూస్తాంలే మామా” అన్నాను. చూడలేదు.

ఎండాకాలంలో ఆయన బోరు పూర్తిగా ఎండిపోయింది. కొత్తది వేయిస్తే రాతిపిండి తప్ప ఏమీ లేవలేదు. ఆ దుమ్ము నా పలకల మీద పడితే మనిషిని పెట్టి తుడిపించాను. ఆయన చెట్ల నిండా కాయ ఉంది. వాన పడేదాకా కుంటలోంచి పైపు వేసుకుంటానని అడిగాడు. అడిగేటప్పుడు నా ముఖం చూడలేదు.

ఇస్తానన్నాను. కానీ ఆ వారమే మా తోట చూడటానికి బయటి రాష్ట్రాల వాళ్ళు, ఇద్దరు ముగ్గురు తెల్లవాళ్ళు వస్తున్నారని సోలారు సబ్సిడీ ఇప్పించిన అధికారి కబురు పెట్టాడు. నిండిన కుంట ఫోటోలో బాగుంటుందన్నాడు. “వాళ్ళు పోయినంక వేసుకుందువు మామా” అన్నాను. ఆయన తల ఊపాడు. వాళ్ళ రాక ఒకసారి వాయిదా పడింది, ఇంకోసారి పడింది. నేను కుంటలో నీళ్ళు తగ్గనివ్వలేదు. చివరికి వాళ్ళు వచ్చారు. కుంట గట్టున నిలబడి, ప్రపంచమంతా ఈ దారికే రావాలని చెప్పాను. చప్పట్లు కొట్టారు. పక్క తోటలో ఆకు ముడుచుకుపోయి కనిపిస్తూనే ఉంది. అదేమిటని వాళ్ళలో ఒకామె అడిగితే, తెగులు అన్నాను.

వాళ్ళు వెళ్ళిన మరుసటి ఉదయం పైపు వేయించాను. అప్పటికే కాయంతా రాలిపోయింది. తడి తగిలినా కొమ్మలు చిగురించలేదు. వానలు రాకముందే ఆయన చెట్లు కొట్టించాడు. గొడ్డలి చప్పుడు వినపడుతుంటే నేను ఆ రోజు బడికి తొందరగా వెళ్ళిపోయాను.

ఆయన జమ్మలమడుగు వైపు సోలారు పార్కులో పనికి కుదిరాడని తర్వాత విన్నాను. చాలా నెలలకు పులివెందుల బస్టాండులో ఎదురుపడ్డాడు. ఎండకు ఇంకా నల్లబడ్డాడు.

“ఏం పని మామా ఆడ?”

“సోలారు అద్దాలు కడిగేది. ట్యాంకర్లకు ట్యాంకర్లు నీళ్ళు తోలతాండారు. చీనీ చెట్టుకైతే అట్ల యాడ పోసినాం అల్లుడా!”

ఇంకా అల్లుడా అంటున్నాడు. అది నేను భరించలేకపోయాను.

“తప్పు నాదే మామా” అన్నాను.

ఆయన నన్ను పరీక్షగా చూశాడు. కోపం కనిపించలేదు.

“నీదే. నేను కాదన్నానా?” అన్నాడు. జమ్మలమడుగు బస్సు వచ్చి ఆగింది. “జరుగు, సీటు దొరకదు.”

జరిగాను.