నీలం మీద నిలువు చారలు

ఆ ఆఫీసులో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. ఇళ్ళ నమూనాలు గీసే సంస్థ అది. గీసినవాటిని దుప్పటంత కాగితాల మీద అచ్చువేసే పెద్ద ప్లాటర్ ఒకటుంది. దాని ఆలనాపాలనా ఆమెదే కనుక ప్లాటరమ్మ అయింది. అలా పిలిస్తే మూతి ముడిచేది గానీ, పిలవకపోతే ఊరుకునేదీ కాదు.

పొద్దున రాగానే బ్యాగు బల్లమీద పడేసి, కుర్చీలో కూర్చోకముందే మిషన్ మూత ఎత్తేది. ఇంకు చల్లే హెడ్ అటూ ఇటూ పరిగెత్తే ఇనపకడ్డీకి చుక్క నూనె రాసి, మెత్తటి గుడ్డతో తళతళలాడేదాకా రుద్దేది. "ఈ మర్యాదలో పిసరంత నాకు జరిగినా బతికిపోదును" అని ఇంట్లో మొగుడు వేళాకోళమాడేవాడు. తన పనికి వంక పెట్టే మనిషి ఇంకా పుట్టలేదని ఆమె నమ్మకం.

ఆ పని నేర్పింది పక్కబల్ల బాబాయి. చుట్టరికమేమీ లేదు, వయసుకిచ్చిన పిలుపు. ఇంకు డబ్బాలు మార్చడం, అచ్చయిన కాగితాన్ని కిటికీ వెలుతురులో పట్టి చూడడం ఆయన వంతు. ఆయన బాగుందంటే ఇక ఎవరూ రెండోసారి చూసేవారు కాదు.

అలాంటిది, పొద్దుపోయాక ఆయన బల్బు కింద చూసి పంపిన నమూనా ఒకటి, ఈతకొలను ఉన్న ఓ పెద్ద ఇంటిది, ఇంటివాళ్ళ దగ్గర్నుంచి తిరిగొచ్చింది. కొలను నీలంలో ఒకచోట లేతగా, ఒకచోట ముదురుగా చారలు. మేనేజరు దాన్ని హాలు మధ్యలో పరిచి, "ఇదేంటమ్మా?" అన్నాడు. చుట్టూ అందరూ చూస్తున్నారు. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

"ఇంకు పెట్టేది బాబాయి సార్. ఈమధ్య ఆయనకి చూపు ఆనట్లేదు."

ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ మాట, వచ్చేసింది. బాబాయి కళ్ళు నులుముకున్నాడు. మధ్యాహ్నానికల్లా ఆయన్ని మెట్లకింది గదిలో కాగితాలు మడతపెట్టే పనికి పంపేశారు. ఎవరో "పాపం" అన్నారు. ఆమె విననట్టు నటించింది.

ఆయన్ని కిందికి పంపి వారమైనా చారలు పోలేదు. ఇప్పుడు ఇంకు పెట్టేదీ ఆమే. ఇంకు చిమ్మే సన్నటి రంధ్రాలు, నాజిళ్ళు, పూడాయేమోనని పరీక్ష గీతలు వేసి చూసింది, ఒక్క గీతా తెగలేదు. హెడ్ కడిగించింది, ఇంకు దండగైంది. కాగితం చుట్ట మార్చింది, అదే వరస. చివరికి పాడైన రెండు కాగితాలు నేలమీద పక్కపక్కన పరిచి చూసింది. రెండింట్లోనూ చారలు సరిగ్గా ఒకే చోట, కాగితం పొడుగునా నిలువుగా ఉన్నాయి.

"నాజిల్ పూడిపోతే అడ్డచారలు, హెడ్ దారి తడబడితే నిలువు చారలు" అని బాబాయి ఆమెకు మొట్టమొదట నేర్పిన పాఠం. అది గుర్తు రాగానే మిషన్ మూత ఎత్తి లోపలికి వంగింది. కడ్డీ వెనక పారదర్శకమైన సన్నటి ప్లాస్టిక్ పట్టీ ఒకటుంటుంది. దాని మీది సన్నగీతలను చదువుకుంటూనే హెడ్ తానెక్కడున్నదీ తెలుసుకుంటుంది. ఫోను లైటు వేసి చూస్తే, సరిగ్గా చారలు పడేచోట పట్టీ మీద నూనె మరక. కడ్డీ రుద్దిన గుడ్డతోనే రోజూ దాన్నీ ఒకసారి తుడిచేది. ఎవరూ చెయ్యమనలేదు. అదీ మెరవాలని ఆమె ముచ్చట.

శుభ్రమైన తడిగుడ్డతో మరక తీసి, ఆరనిచ్చి, మళ్ళీ అచ్చు వేసింది. కొలను మచ్చలేని నీలంగా వచ్చింది. అటుగా పోతున్న మేనేజరు ఆగి, "చూశావా, ఆయన్ని పక్కన పెట్టగానే దారికొచ్చింది" అన్నాడు.

"అవును సార్" అంది.

అన్నాక తన మీద తనకే అసహ్యం వేసింది. మొదటిసారి నోరు జారిందని సర్దిచెప్పుకోవచ్చు. ఈసారి జారలేదు, తెలిసే అంది. మిషన్ మూత దించింది. తర్వాత కాగితం చుట్టుకుని కిందికి దిగింది.

బాబాయి ముక్కు మీద కొత్త కళ్ళజోడు ఉంది.

"అద్దాలెప్పుడు కొన్నారు బాబాయ్?"

"నువ్వన్నాక ఊరుకుంటానా అమ్మాయ్? డాక్టరుకి చూపించుకున్నా. చూపు బాగుంది, అద్దాలు అక్కర్లేదన్నాడు. ఆయన చూసేది ఒక్క పూట. నువ్వు నన్ను రోజూ చూస్తున్నదానివి. అందుకే కొట్లో నేనే కొనేసుకున్నా."

ఆమె కాగితం అందించింది. ఆయన బల్బు కిందికి తీసుకెళ్ళి దగ్గరగా చూశాడు, దూరంగా పెట్టి చూశాడు, అద్దాలు తీసి చూశాడు.

"చారలెక్కడమ్మా? నాకొక్కటీ కనబడట్లేదే" అన్నాడు. "నువ్వన్నది నిజమే."

"లేవు బాబాయ్. అసలు లేవు. మీ కళ్ళకేం కాలేదు. నా గుడ్డ నూనె పట్టీకి అంటింది. తప్పు నాది."

"నిజంగా లేవా?" అని అడిగాడు, ఇంకా కాగితం మీంచి చూపు తిప్పకుండా.

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని పైకి తీసుకొచ్చింది. ఆ మాట అన్న హాలు మధ్యలోనే నిలబడి, "సార్, అందరూ ఒక్కసారి వినాలి" అంది. గుడ్డ సంగతీ, ఇందాకటి "అవును సార్" సంగతీ, ఏదీ దాచకుండా చెప్పింది.

చెబుతున్నంతసేపూ బాబాయి ఆమెవైపు చూడలేదు. కాగితాన్ని కిటికీ వెలుతురులో పట్టుకుని చారల కోసం వెతుకుతున్నాడు.